ఆరో గుండీ

చుట్ల పిన్ని కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫ్యానులోంచి తీసిన రాగి తీగను గోటితో గీకి వాసన చూసింది. చూపు మసకబారాక ముక్కే ఆవిడకు మీటరు.

"మాడింది బాబూ. ఈ ఒక్క కాయిలూ మళ్లీ చుట్టాలి."

నెలకోసారి లైబ్రరీ హాల్లో బల్లలు వేసి, పని తెలిసినవాళ్లు పాడైన సామాన్లను ఊరికే బాగుచేసి పెడతారు. మూల బల్ల పిన్నిది. ముప్పై ఒక్కేళ్లు మోటారు వైండింగ్ షాపులో తీగ చుట్టిన మనిషి. ఒరిపిడికి బొటనవేలి మీద గాడి పడిపోయింది. ఈ పని తనతోనే పోతుందేమోనన్నదే ఆవిడ బెంగ. నేర్చుకుంటామని వచ్చినవాళ్లంతా రెండొందల చుట్లకే కబుర్లలో పడి లేచి వెళ్లిపోయేవారు.

ఎదురుగా బస్సు డ్రైవరు. ఈ ఫ్యాను గరగర వినబడకపోతే మంచం పట్టిన అతని తల్లికి కునుకు పట్టదు. కొత్త ఫ్యాను తెస్తే, చప్పుడే లేదని ఆపించేసింది. నాలుగు రోజులుగా ఆవిడకు నిద్ర లేదు, ఆవిడ సణుగుడుకు ఇంట్లో ఇంకెవరికీ లేదు.

"మీరే చుట్టండి పిన్నీ. నా చెయ్యి స్టీరింగుకే పనికొస్తుంది."

పిన్ని తీగ చుట్టే చక్రాన్ని అతని ముందుకు జరిపింది. "అదీ చక్రమే, ఇదీ చక్రమే. నువ్వు తిప్పు, నేను లెక్కపెడతా. ఆరొందల చుట్లు. వందకో గుండీ ఈ డబ్బా మూతలో వేస్తా. మధ్యలో నోరు విప్పావో, మొదటికే మోసం."

నూట నలభై దగ్గర, పక్క బల్ల మీద స్టూలు కాలు బిగిస్తున్న వడ్రంగి "టీ తాగుతారా?" అని కేకేశాడు.

"నాకు చక్కెర తక్కువ" అన్నాడు డ్రైవరు.

"విప్పు మొత్తం" అంది పిన్ని. "కూసే గాడిదొచ్చి మేసే గాడిదను చెడగొట్టిందట."

అందరికంటే గట్టిగా వడ్రంగే నవ్వాడు.

రెండోసారి డ్రైవరు పెదవులు బిగించాడు. మూతలో ఒక్కొక్క గుండీ పడుతోంది. ఐదోది పడింది. ఐదొందల నలభై రెండు దగ్గర పిన్ని గొంతు సన్నగిల్లి ఆగిపోయింది. తనను పరీక్షిస్తోందనుకున్నాడు. ఈసారి మోసపోదలచుకోలేదు. లెక్క లోలోపలే అందుకుని, తీగ తెగకుండా చివరిదాకా తిప్పాడు.

"ఆరొందలు, పిన్నీ!"

పిన్ని గడ్డం గుండెకు ఆనింది. కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి జారింది. డ్రైవరు ఎంత పిలిచినా పలకలేదు. వడ్రంగి టీ గ్లాసులతోనే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఆవిడ వెళ్లిపోయింది. డ్రైవరు నలుగురి ముందే వెక్కివెక్కి ఏడ్చాడు. కానీ ఆవిడ ముఖంలో ఏ బాధా లేదు. ఆవిడ చెవిన పడ్డ చివరి చప్పుడు, ఆగకుండా తిరుగుతున్న ఆ చక్రానిదే.

ఆ వారంలోనే వడ్రంగీ అతనూ కలిసి ఫ్యాను బిగించారు. ఆ గరగర వింటూ తల్లి పట్టపగలే గుర్రు పెట్టింది.

మరుసటి నెల మూల బల్ల దగ్గర డ్రైవరు కూర్చున్నాడు. కాలిన ఫ్యాను తెచ్చిన ఒక టీచరమ్మ చేతికి చక్రం ఇచ్చాడు.

"మధ్యలో మాట్లాడకండమ్మా, మొదటికే మోసం."

అతని ముందు పిన్ని డబ్బా మూత ఉంది. అందులో ఐదు గుండీలు, వాటి పక్కన ఆవిడ గుప్పెట్లోంచి తీసిన ఆరోది, నాలుగు కన్నాల తెల్ల గుండీ, చొక్కా దారప్పోగు ఇంకా దానికే అంటిపెట్టుకుని ఉంది.