చూసి చెప్పే గొంతు

2021 నవంబరు తొమ్మిది, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. గొడుగు తెరిస్తే చినుకుండదు, ముడిస్తే తడుస్తాం, అలాంటి ముసురు. చెల్లెలు లాండ్రీ షాపులో పని ముగించుకొచ్చి, రోజూలాగే అక్కను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. అక్కకు చూపు లేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది పోయిందని ఆవిడంటుంది, చక్కెర జబ్బని డాక్టరంటాడు. ఎవరి మాట నెగ్గినా చూపైతే రాలేదు.

ఆ రోజే చెల్లెలు, అక్క పేరున, ఆన్‌లైన్ సీరియళ్లకు చందా కట్టింది. అందులో చూపు లేనివాళ్ల కోసం తెర మీద జరిగేది మాటల్లో చెప్పే గొంతు ఉంది. అది కావాలంటే టీవీ కెమెరాతో గదిని చూడనివ్వాలంది కంపెనీ. చెల్లెలు చదవకుండానే సరే నొక్కింది. అవన్నీ చదివే మనిషిని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"ఆమె కిటికీ తెరిచింది. కళ్లు తుడుచుకుంది," అంది గొంతు. అక్క ముఖం విప్పారింది. ఇన్నాళ్లూ ఆవిడకు సీరియలంటే తలుపుల చప్పుడూ ఏడుపులూ.

వారం తిరక్కుండా గొంతు టీవీలోంచి దిగి పక్క కుర్చీలో కూర్చుంది. చెల్లెలు దానికో దిండు వేసింది. ఊడ్చేటప్పుడు "కాస్త జరుగు" అంటే జరిగేది. మధ్యలో ఇంటి సంగతులూ చెప్పేది: "పాలు పొంగబోతున్నాయి. చెల్లెలి జడలో తెల్లవెంట్రుక."

"అదీ చెప్పాలా?"

"చెప్పనీవే. నీ ముఖం చూసి ఎన్నాళ్లయింది," అంది అక్క.

ఇక లిఫ్టాయన సంగతి. ఆ భవనంలో లిఫ్టు బాగుచేసే మనిషి. అది ఊరికే చెడేదో, ఆయనే చెడగొట్టేవాడో, ఆ గొడవ మనకెందుకు. ఏళ్ల తరబడి ప్రతి శుక్రవారం సాయంత్రం, అక్క సీరియల్లో మునిగి ఉండగా, అడుగుల చప్పుడు కాకుండా వచ్చి చెల్లెలి పక్కన కూర్చునేవాడు. మాటలుండవు. చేతిలో చెయ్యి, అంతే. నలుగురి ముందు నీళ్లు కూడా తాగలేని బిడియస్తుడు. ఎవరూ చూడరన్నదే ఆయన ధైర్యం.

ఆ శుక్రవారమూ అలాగే వచ్చాడు. గొంతు ఉన్నదున్నట్టు చెప్పింది. "తలుపు తెరుచుకుంది. గ్రీజు మరకల చొక్కాతో ఒకాయన. చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. వదిలేశాడు."

"కూర్చోండి బాబూ," అంది అక్క.

"వెళ్లిపోతున్నాడు," అంది గొంతు.

తలుపు మూసుకున్నాక అక్క అంది: "ఆ గ్రీజు వాసన నాకెప్పటి నుంచో తెలుసే. శుక్రవారం నేను సౌండు పెంచేది అందుకేగా."

"మరి ఒక్కసారైనా అనలేదే?"

"అంటే రాడని."

గొంతు తీసేయించమంది అక్క. చెల్లెలు కంపెనీకి ఫోన్ చేసింది. గదిని చూడొద్దంటే సీరియలూ చెప్పదండీ, రెండూ కలిపే ఉంటాయన్నారు.

"తీసేయమను. నాకు చీకటి కొత్తా?"

"తీసేస్తే ఆయనొస్తాడా అక్కా?"

గొంతు ఉండిపోయింది. లిఫ్టు మళ్లీ చెడలేదు.

మరుసటేడు వేసవిలో అక్క పోయింది. గొంతు తీసేయమని చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది.

"ఖాతా మీ అక్కగారిదండీ. ఆవిడ గోప్యత దృష్ట్యా ఆవిడే అడగాలి."

"ఆవిడ పోయిందండీ."

"అర్థమైందండీ. ఒకసారి ఫోను ఆవిడకివ్వండి."

ఇల్లు చెల్లెలికి వచ్చింది. చీరలు పిన్ని కూతురికి; పరామర్శకే రెండు సూట్‌కేసులతో వచ్చిందావిడ. ఆ గదిలో అక్కచెల్లెళ్లు మెసలిన ప్రతి సాయంత్రమూ కంపెనీకి. గొంతు ఎవరికీ చెందక కుర్చీలోనే ఉంది. శుక్రవారాలు "తలుపు మూసే ఉంది" అంటుంది. లిఫ్టాయనకు తన చేతిగడియారం ఇమ్మని అక్క పోయేముందు చెప్పింది. తీసుకోవాలంటే గొంతు చూసే ఆ గదిలోకి రావాలి. ఆయనకేమీ రాలేదు.