మూఁగ యంత్రమునకు గవాక్షము

జ్యేష్ఠమాసపు ప్రాతఃకాలమున గౌతమీజలశీకరములను మల్లెపూఁదావులను మోసికొని వచ్చు మందమారుతము, కాళ్ళపారాణి యాఱక గడపకడ నిలిచియున్న నూతనవధూవరుల కొంగుముడిని మెల్లమెల్లఁగ నూఁచుచుండెను.

వధువు హైమవతి, గోదావరి వఱదరాకను ముందుగాఁ దెలుపు యంత్రములకుఁ బ్రాణమువంటి కెర్నెలును రచించు నింజనీరు. ఆ యంత్రములలో నొకటి తఱచుగాఁ గుప్పకూలుచుండెను. కూలిన కారణము నొక్కముక్కయైన వ్రాయక మూఁగవోవుచుండెను. అది తెలియకున్న నదినడిమి లంకగ్రామములకు హెచ్చరిక యందదను చింత పెండ్లిపీఁటలమీఁదను నామెను విడువలేదు.

వరుఁడగు శశిధరుని యక్క కాత్యాయని చేతులు చాఁచి ద్వారము నడ్డగించెను.

"మా తమ్ముడి పేరు చెప్పందే లోపలికి పంపేది లేదమ్మాయ్!"

"అక్కా, కాళ్ళు లాగేస్తున్నాయే" అని శశిధరుఁడు గొణిఁగెను.

"నువ్వూ చెప్పాల్రా నీ పెళ్ళాం పేరు. అంత సిగ్గేంట్రా పెళ్ళికొడకా?"

అంతలో వంటయింటినుండి మాడువాసన వెడలెను. పొయ్యిమీఁదఁ బాలు పెట్టినది కాత్యాయనియే. పేరు వినక యామె ద్వారము విడువదు. సిగ్గుచేఁ బేరు వెడలదు. పాలను జూచువారు లేరు. హైమవతి ద్వారమును వేఁడుట మాని ప్రక్క కిటికీకి మొగము చేర్చి దేవునిగదిలోని యత్తను బిలిచెను.

"అత్తయ్యగారూ! పాలు మాడిపోతున్నాయండీ!"

అత్త పరుగిడి పొయ్యి నార్పెను. "మొగుడి పేరుకి లేవని నోరు పాలకి లేచింది చూడండర్రా!" అని కాత్యాయని పకపక నవ్వెను. ఆ సందడిలోఁ బేళ్ళు చెప్పకయే యెల్లరు లోని కేఁగిరి.

హైమవతి మాత్రము కిటికీవంకఁ జూచుచు నిలిచెను. తన యంత్రపు వ్యథయు నిదియే గదా! వార్తలు కలగాపులగము కాకుండుటకై, తాళమను ననుమతి చేఁజిక్కనిదే యంత్రములోని యే ప్రోగ్రామును వ్రాయరాదని తానే విధించెను. కూలునపుడు తాళము పట్టిన ప్రోగ్రామే స్తంభించిపోఁగాఁ గడపటివార్త వ్రాయవలసిన ప్రోగ్రాము తాళమునకై వేచివేచి యంత్రముతోడనే నశించుచుండెను.

ఆమె యా నియమమును మార్చెను: అంత్యవేళఁ దాళము దొరకకున్న వేచియుండక వేఱొక తీఁగవెంట సూటిగా వార్త నంపవలయును. మఱుమాఱు కూలుచుఁ గూలుచు యంత్రము నోరు విప్పెను. నీటిమట్టము కొలుచు ప్రోగ్రాములోని దోష మట్లు బయటపడి తొలఁగెను. తొలి యెఱ్ఱని వఱదనీటికి ముందే లంకలవారు పిల్లలతోఁ బశువులతో మెరక చేరిరి.

ఆషాఢపు విరహము ముగిసి శ్రావణమున దంపతులు మరల గడపకడకు రాఁగాఁ గాత్యాయని యథాప్రకారము చేతులు చాఁచెను.

"శశిధర్ గారూ నేనూ వచ్చామండీ వదినగారూ! మీరు అడ్డం నిలబడబట్టే నా యంత్రానికి మాటొచ్చింది" అని హైమవతి యామె చేతులను గన్నుల కద్దుకొనెను.

"పాలేం పొయ్యిమీద లేవులే, నెమ్మదిగా రా!"

ద్వారమునకుఁ గావలి వలసినదే. కాని యాపద్వార్త కొక దారి వేఱుగా నుండవలయును. ఆ యింటఁ గిటికీ నాఁడును దెఱచియే యుండెను.