వంటవాడూ సిపాయే

తేజేశ్వర్ సైన్యంలో వంటవాడని తెలిస్తే సంబంధం తప్పిపోతుందేమోనని తల్లి సుబ్బరత్నం భయపడింది. చల్లపల్లిలో ఎవరడిగినా ‘మావాడు మిలటరీలో ఉన్నాడు’ అని ఊరుకునేదే గాని గరిటె సంగతి ఎత్తేది కాదు. తీరా చూస్తే విజయవాడ వాళ్లు ఒప్పుకున్నదే ఆ గరిటెను చూసి.

పెళ్లికూతురు ధనశ్రీ తల్లి చౌడేశ్వరమ్మ వన్‌టౌన్‌లో చీరల కొట్టు నడుపుతుంది. భర్త హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ ప్రమాదంలో పోయాడు. ఇంటికి రావలసిన మనిషి రాకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. తుపాకీ పట్టేవాడికి పిల్లనివ్వనని ముందే చెప్పేసింది. సంబంధం తెచ్చిన భావనారాయణ సుబ్బరత్నానికి అన్న. మా వాడు వంట మాత్రమే చేస్తాడనీ, గొడవలొస్తే సంచి సర్దుకుని వచ్చెయ్యొచ్చనీ, సిపాయిల చట్టాలు వంటవాళ్లకు ఉండవనీ ఆయన భరోసా ఇచ్చాడు. అబద్ధమని ఆయనకు తెలియదు. పెళ్లిలో వండేవాళ్లు పెళ్లివారు కానట్టే, సైన్యంలో వండేవాడు సైనికుడు కాడని ఆయన నమ్మకం.

ఇదంతా తేజేశ్వర్‌కి పెళ్లిచూపుల రోజున వాళ్లింట్లో ఫలహారాలయ్యాకే తెలిసింది. మొన్న సరిహద్దులో కాల్పుల వార్తలు చూసి కూడా తను నిబ్బరంగా ఉన్నాననీ, అతనిది వంట పని గనకనే ఆ ధైర్యమనీ చౌడేశ్వరమ్మ అంది. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. భావనారాయణ కళ్లతోనే వద్దన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో కొడుకు ఫోన్‌లో ఆ పిల్ల ఫొటో తీసి తీసి చూడడం గుర్తొచ్చి, ఊరుకోరా నాయనా అని సుబ్బరత్నం మనసులోనే అనుకుంది.

“అప్పుడు నేను అక్కడే ఉన్నానండీ,” అన్నాడతను. “నేనూ అందరిలాగే ప్రమాణం చేసి చేరినవాణ్ణే. తుపాకీ నేర్పాకే వంట అప్పగించారు. పొమ్మన్న చోటికి పోకపోతే వాళ్లకు పడే శిక్షే నాకూ పడుద్ది.”

సుబ్బరత్నం చప్పున కొడుకు వైపు చూసింది. ఆ కాల్పుల రోజుల్లో తను ఫోన్ చేస్తే, బంగాళాదుంపలు తరుగుతున్నానని నవ్వాడు.

“అదేంట్రా, ఉప్పెక్కువైనా కోర్టు మార్షలేనా?” అన్నాడు భావనారాయణ, మాట తేలిక చేద్దామని.

“ఉప్పుకి తిట్లే మావయ్యా. పారిపోతేనే కోర్టు.”

సరిహద్దు పోస్టులకు సామాను మోసే కూలీలు కూడా, ఉద్యోగులు కాకపోయినా, సైన్యంతో అక్కడ ఉన్నంతసేపూ సైనిక చట్టం కిందికే వస్తారని చెప్పాడు. కొండ దిగి ఇంటికెళ్తే వాళ్లకు ఉండదు. తనకు మాత్రం సెలవు మీద వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నా ఉంటుంది.

అంతవరకూ మాట్లాడని ధనశ్రీ తలెత్తి అడిగింది. “మరి, మిమ్మల్ని చేసుకున్నవాళ్లకో?”

“మీకు ఆ చట్టం ఉండదండీ. నాతో ఉండి తీరాలని మిమ్మల్ని ఎవరూ అనలేరు. నేను కూడా.”

ఆ పిల్ల లేచింది. చల్లారిపోయిన అతని గ్లాసు లోపలికి తీసుకెళ్లి, వేడి టీ తెచ్చి చేతికిచ్చింది.

చౌడేశ్వరమ్మ మాత్రం ఏ సంగతీ ఫోన్‌లో చెబుతానంది. ఆ మాటకి అర్థం సుబ్బరత్నానికి తెలుసు. లేచి, వాకిట్లో చెప్పులు తొడుక్కుంది. కొడుకు మీద కోపం తెచ్చుకుందామనుకుంది గాని రాలేదు. అతని చొక్కా భుజం మీద నలిగిన చోట చేత్తో సర్దింది.

చౌడేశ్వరమ్మ గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది.

“బాబూ, ఆ కొండల మీది చలికి ఆవకాయలో నూనె గడ్డకడుద్దా?”

“కడుద్దండీ. పొయ్యి పక్కన పెట్టుకుంటాం.”

“అయితే చిన్న సీసాల్లో పెట్టాలి. పెద్ద జాడీ అయితే ఎప్పటికి కరిగేను,” అని తనలో తను అనుకుంటున్నట్టు అంటూ ఆమె వంటింట్లోకి వెళ్లింది.

సుబ్బరత్నం చెప్పులు విడిచి మళ్లీ లోపలికొచ్చి కూర్చుంది.