పదకొండు తెల్లకంటి బాతులు

బయలుదేరేటప్పుడు ఆమె చేతుల్లో ఉన్నవి ఇవీ: ఇద్దరికీ తిండి సర్దిన సంచి, రెండు నీళ్ళ సీసాలు, భర్త చలికోటు, ఆయన మందుల డబ్బా, ఇంటి తాళంచెవి. బైనాక్యులర్ మాత్రం ఆయన మెడలో ఉంది. పైపుల కంపెనీ ఏజెంటు ఎప్పుడో షాపుకి బహుమతిగా ఇచ్చిపోయిన వస్తువది. మూడేళ్ళుగా దాని అద్దాలు తన కొంగుతో తుడుస్తున్నది ఆమె. ఏ కన్ను దగ్గర ఏ మర ఎంత తిప్పాలో తెలిసిందీ ఆమెకే. ఆయన ఈ రోజు పొద్దున అద్దం ముందు నిలబడి మొదటిసారి దాన్ని మెడలో వేసుకుని, "బానే ఉన్నానా?" అని అడిగాడు.

కారులో కూర్చున్నాక పని అప్పగించాడు. "నువ్వు నా పక్కనే ఉండు. మడుగు దగ్గర ఆ గుంపు వాళ్ళు ఏ పిట్టనైనా చూపించి అడిగితే, నేను ఒకసారి గొంతు సవరించుకుంటాను. ఆలోగా పేరు మెల్లగా అందించు. షాపులో గిరాకీ వచ్చి అడిగితే లోపల్నించి అందిస్తావు చూడు, అచ్చం అలాగే."

అచ్చం అలాగే. పద్దెనిమిదేళ్ళ అలవాటు కదా, కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. వాళ్ళది కుళాయిలు, పైపులు, మేకులు, మరలు అమ్మే షాపు. గిరాకీ వచ్చి విరిగిన ముక్క బల్ల మీద పెడతాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గాల్లోకి చూస్తూ, "మన దగ్గరుందా ఇది?" అంటాడు. వెనక గదిలోంచి ఆమె కంటిచూపుతోనే సైజు పట్టేసి, మూడో అర, కింది పెట్టె, అని సరిగ్గా ఆ ముక్కే తెచ్చి ఆయన చేతికిస్తుంది. గిరాకీ ఆయనకు థాంక్స్ చెప్పి వెళ్తాడు. "మావాడొక్కడే ఆ షాపు ఈడ్చుకొస్తున్నాడు పాపం" అంటుంది అత్తగారు, వచ్చిన వాళ్ళందరితో. "మీ ఆవిడేం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఖాళీయే కదా, కాసేపు వచ్చి కూర్చుంటుంది" అంటాడు ఆయన. అర అంగుళం మరకీ, దానికన్నా నూలుపోగంత పెద్ద మరకీ తేడా చూసి చూసి పదునెక్కిన కన్ను అది. ఆ కన్నుతోనే ఒకరోజు షాపు వెనక పైపుల గుట్ట మీద వాలిన పిట్ట రెక్కలో పచ్చచారను చూసింది. షాపు ఫోనుతో ఫొటో తీసింది. ఆ ఫోనుతోనే పిట్టల్ని చూసేవాళ్ళ వాట్సాప్ గుంపులో చేరింది.

తప్పు అక్కడ జరిగింది. ఫోను షాపుది, పేరు షాపుది, షాపు బోర్డు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో భర్తది. ఎవరో పెట్టిన ఫొటో చూసి ఆమె, అది ఆడ లకుముకి అనీ, ముక్కు కింది సగం ఎర్రగా ఉంది చూడండనీ రాస్తే, వెంటనే జవాబొచ్చింది: "అద్భుతం అన్నగారూ!" మొదట ఆమెకు నవ్వొచ్చింది. సరిదిద్దుదామని వేళ్ళు కదిపింది కూడా. తర్వాత ఆగింది. గుంపులో ఉన్న మిగతా ఆడవాళ్ళు ఏదైనా చెబితే, "నిజమేనంటారా? ఎవరినైనా అడిగి చూడండి" అని నలుగురు ఎదురు తిరుగుతారు. అన్నగారు చెబితే ఎవరూ కిక్కురుమనరు. ఆ పిలుపు గొడుగులా పనికొచ్చింది, వేసుకుంది. మూడేళ్ళు హాయిగా వేసుకు తిరిగింది. ఆ మాట ఒప్పుకోవాలి.

పోయిన వారం గుంపు పెద్ద ఫోను చేసినప్పుడు అది భర్త చేతిలో ఉంది. ఆ పెద్ద ఒక లెక్కల మాస్టారు. "మడుగు దగ్గర పిట్టల లెక్క పెట్టుకున్నాం అన్నగారూ. మీరు రాకపోతే మొదలే పెట్టం" అన్నాడాయన. భర్త ఆ సాయంత్రం కూర్చుని మూడేళ్ళ మెచ్చుకోళ్ళన్నీ పైనించి కింది దాకా చదివాడు. కోప్పడతాడనుకుంది. ఆయన మొహం వెలిగిపోతోంది. "మనల్ని ఇంతమంది ఎరుగుదురా!" అన్నాడు. ఆ 'మనల్ని' ఆమెకు వారమంతా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మడుగు గట్టు మీద పదిమంది దాకా ఉన్నారు. ఫోనులో అక్షరాలుగా తెలిసిన మనుషులు ఎత్తుగా, పొట్టిగా, దగ్గుతూ, టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. అందరూ భర్త చుట్టూ మూగారు. రిటైరైన నర్సమ్మ ఒకామె కుంటుకుంటూ వచ్చి, "అన్నగారూ, మిమ్మల్ని చూడకుండా పోతానేమో అనుకున్నాను" అంది. ఆయన హుందాగా తలూపాడు. వెనకనించి ఆమె నోరు జారింది: "మోకాలు ఎలా ఉందండీ? మెట్లెక్కగలుగుతున్నారా?" నర్సమ్మ ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. "పర్లేదమ్మా" అంది నెమ్మదిగా.

మాస్టారు అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం తీశాడు. "మన రూలొకటే. ఎవరు చూశారో వాళ్ళే చెప్పాలి, వాళ్ళ పేరే రాయాలి. ఊహించింది లెక్కలోకి రాదు." పక్కనే నిలబడ్డ అటవీశాఖ రేంజరు ఇంకో మాట చెప్పాడు. మడుగు దక్షిణపు వైపు విహారం పడవలు తిప్పడానికి అర్జీ వచ్చింది. అరుదైన పిట్ట ఏదైనా ఆ వైపు దిగినట్టు ఈ రోజు కాగితంలో ఉంటే అర్జీ ఆగుతుంది. లేకపోతే వచ్చే వారం నించి పడవలే.

పొద్దున్నంతా బేరం సాఫీగా నడిచింది. ఆయన గొంతు సవరించుకున్నాడు, ఆమె అందించింది. మునుగుడు కోళ్ళు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు అన్నీ ఆయన పేరు మీద కాగితంలోకి ఎక్కాయి. బైనాక్యులర్ ఆమె చేతికి రాలేదు. రెండు గంటలు ఉత్త కళ్ళతో చూసింది. మధ్యాహ్నం దక్షిణపు గట్టుకు చేరేసరికి ఆయన, "చలేస్తోంది, కారులో కోటుంది, తెచ్చిపెట్టు" అన్నాడు.

కోటు తీసుకుని తిరిగొస్తుంటే దూరంగా రెల్లు అంచున కొన్ని ముదురు గోధుమరంగు బాతులు కనిపించాయి. ఒకటి అటు తిరిగింది. తోక కింద తెల్లగా మెరిసింది. ఆమె నడక తనకు తెలియకుండానే పరుగైంది.

అప్పటికే మాస్టారు రాసేశాడు. "మామూలు బాతులు, పదకొండు. అన్నగారు ఖాయం చేశారు."

ఆమె భర్త చెవి దగ్గరకు వెళ్ళింది. "మళ్ళీ చూడండి. మామూలువి కావు. తోక కింద తెలుపుంది."

"రాసేశారుగా. ఇప్పుడు మారిస్తే నవ్వుతారు."

"పడవలొస్తాయండీ."

"వస్తే రానీ. వాటికి రెక్కలున్నాయిగా, ఇంకో చోటికి పోతాయి. కోటివ్వు."

ఆమె కోటిచ్చింది. ఆయన చెయ్యి దూర్చుకోవడానికి వంగినప్పుడు, బైనాక్యులర్ తాడు ఆయన తల మీదుగా తీసి తన మెడలో వేసుకుంది. చేతిసంచీ తీసుకున్నంత మామూలుగా తీసుకుంది. కుడి మర కొంచెం, ఎడమ మర ఇంకొంచెం తిప్పింది. నీటి మీద ఒక కన్ను తెల్లటి గుండీలా మెరిసింది.

"మాస్టారూ, ఆ వరుస కొట్టెయ్యండి. అవి తెల్లకంటి బాతులు, అరుదైనవి."

"అన్నగారే చెప్పారమ్మా..."

"ఆయన ఊహించి చెప్పారు. మీరు చూడండి."

మాస్టారు కాళ్ళమీద నిలబెట్టిన పెద్ద దూరదర్శినిలోకి వంగాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి ఆయన గొంతు మారింది. "నిజమే! కానీ తెల్లకన్ను నాలుగింటికే ఉంది. నాలుగే రాస్తాను. మిగతా ఏడూ మామూలువి."

"ఏడూ అవేనండీ. ఆడవి. ఆడవాటికి కన్ను తెల్లగా ఉండదు, అందుకని మామూలువాటిలో కలిసిపోయినట్టు కనిపిస్తాయి. తోకల కింద చూడండి."

అందరూ బైనాక్యులర్లు ఎత్తి ఎదురుచూశారు. గాలికి బాతులు ఒక్కొక్కటే మళ్ళాయి. రేంజరు ఫొటోలు తీసుకుంటూ పైకే లెక్కపెట్టాడు. తొమ్మిది, పది, పదకొండు.

"ఇదంతా మీకెలా తెలుసమ్మా? అన్నగారు నేర్పారా?" అన్నాడు మాస్టారు.

భర్త గట్టిగా నవ్వాడు. "ఇంట్లో వింటూ వింటూ పట్టేసిందిలెండి!"

"అయితే అన్నగారి పేరే రాసేస్తాను" అని మాస్టారు కలం కాగితానికి ఆనించాడు.

నిజానికి మంచి బేరమే. బాతులు దక్కాయి, ఆయన పరువు దక్కింది, ఇంటికెళ్ళాక గొడవ ఉండదు. నోరు మూసుకుంటే చాలు. ఇలాంటి బేరాలు ఆమె ఎన్ని ఒప్పుకుందో. ప్రతిసారీ అందరికీ ఏదో ఒకటి దక్కింది. ప్రతిసారీ వెనక గదిలోకి తిరిగి వెళ్ళింది మాత్రం తనే. ఈ కాగితంలో రేపు ఎవరో వెతికితే, ఈ గట్టు మీద తను నిలబడ్డ ఆనవాలు ఉండదు. కోటు తెచ్చిన మనిషి పేరు ఏ లెక్కలోనూ రాయరు.

"కాదండీ, చూసింది నేను" అంది. మొదటి మాట వణికింది. రెండోది వణకలేదు. "మూడేళ్ళుగా గుంపులో రాసిందీ నేనే. ఫోను షాపుది, ఫొటో ఆయనది. అన్నగారంటూ ఎవరూ లేరు."

మాస్టారి మొహం చిన్నబోయింది. "మూడేళ్ళు మమ్మల్ని మోసం చేశారన్నమాట. ఒక్క మాట చెప్పుంటే నమ్మేవాళ్ళం కదమ్మా" అన్నాడు.

"నమ్మేవాళ్ళా?" అంది నర్సమ్మ. "నేను పోయినేడు గద్దని గద్దంటే ముగ్గురు కాదన్నారు మాస్టారూ. అన్నగారు అన్నాకే గద్దయింది." తర్వాత ఆమె వైపు తిరిగింది. "నాకు పొద్దున్నే అనుమానం వచ్చిందమ్మాయ్. ఆపరేషన్ ముందు భయంగా ఉందని నేను రాసింది ఆ ఒక్క నంబరుకే. మోకాలి సంగతి ఆయన అడగలేదు, నువ్వడిగావు." నవ్వలేదు. దగ్గరకూ రాలేదు. "నాకూ చెప్పలేదు నువ్వు" అని మాత్రం అంది.

తిరుగుదారిలో తిండి సంచి విప్పనే లేదు, వెనక సీట్లో అలాగే ఉంది. ఊరి దీపాలింకా వెలగలేదు. చివరికి భర్త అన్నాడు: "పదిమందిలో నా తల తీసి మొలేశావు. బాతుల కోసం!"

"బాతుల కోసం కూడా."

"రేపట్నించి షాపు ఫోను నా దగ్గరే ఉంటుంది."

"ఉంచుకోండి. వెనక అరలు కూడా మీరే చూసుకోండి. రేపట్నించి నేను ముందు బల్ల దగ్గర నిలబడతాను. ఎవరైనా ముక్క తెచ్చి అడిగితే వాళ్ళకే చెబుతాను."

ఆయన విసురుగా గేరు మార్చాడు. ఆ విసురులో ఎన్ని రోజుల మాటలు దాగున్నాయో ఆమెకు తెలుసు. అత్తగారి మాటలు కూడా అందులో కలుస్తాయి. కిటికీలోంచి చూస్తూ రోజంతటినీ బల్ల మీద పోసి చూసుకుంది. పోయినవి తక్కువేమీ కావు. మూడేళ్ళు ఎండా వానా తగలనివ్వని గొడుగు పోయింది. అక్షరాలుగా ఉన్నంతకాలం తనదైన ఒక స్నేహం చెడింది, అతుక్కుంటుందో లేదో తెలియదు. ఇంట్లో మనశ్శాంతి ఎన్నాళ్ళు ఉండదో చెప్పలేం. రాబడి వైపు పెట్టడానికి మెడలో బైనాక్యులర్ ఒకటీ, ఎక్కడో ఒక అట్ట మీద క్లిప్పు కింద ఉన్న కాగితంలో వరుస ఒకటీ ఉన్నాయి. ఆ వరుసలో తెల్లకంటి బాతులు, మగవి నాలుగు, ఆడవి ఏడు. దాని పక్కన చూసినవారి గడిలో, స్పెల్లింగు రెండుసార్లు అడిగి మరీ మాస్టారు రాసుకున్న ఆమె పేరు.