కండక్టర్ వదిన ఇచ్చిన కిడ్నీ

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో అది ఉత్త సామెత కాదు, ఆపరేషన్ చేసి మరీ ఖాయం చేసిన సంగతి. మా ఆయన కిడ్నీలు రెండూ పాడైతే వాళ్ళక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఇచ్చినావిడ ఇచ్చి ఊరుకుంటుందా? మా వదిన సిటీబస్సులో కండక్టరు. డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చేది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనీ ఆపి, "చేతులు కడుక్కున్నారా? దగ్గుందా? దగ్గుంటే దిగండి!" అనేది. అసలు ఎక్కితే కదా దిగడానికి! కన్నకొడుకుని చూడటానికి మా మామగారు కూడా వరండాలో క్యూలో నిలబడ్డారు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఆయనకి జ్వరం పట్టుకుంది. విరేచనాలు, నీరసం, మంచం దిగలేకపోయారు. రక్తం పరీక్షలో సీఎంవీ అనే వైరస్ కనపడిందనీ, మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి రమ్మనీ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

ఆ సాయంత్రమే వదిన విచారణ మొదలుపెట్టింది. "ఈ పురుగుని ఇంట్లోకి ఎక్కించిందెవరు?"

పక్కింటాయన మొన్న తుమ్మాడు గానీ అప్పుడు కిటికీ మూసుందని ఆయన్ని వదిలేసింది. మామగారు ముందే "నేను కాదమ్మా" అని తప్పుకున్నారు. ఇక మిగిలింది నేనే. నేను పనిచేసేది పసిపిల్లల బడిలో. ముక్కులు తుడవటం, మూతులు కడగటం, తడిపిన బట్టలు మార్చటం, ఇదే నా ఉద్యోగం.

"ఆ చీమిడి ముక్కుల దగ్గర్నుంచే తెచ్చావు," అంది వదిన. "వాడికి తగ్గేదాకా మీ అమ్మ దగ్గరికి పో. నా కిడ్నీకేమైనా అయితే ఊరుకోను."

"మీ కిడ్నీ ఉన్నది నా మొగుడి కడుపులో వదినా!" అని నేనూ అరిచాను. అరిచానే గానీ, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పట్నుంచీ చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో. నిజంగా నేనే తెచ్చానేమో. ఈ మనిషికేమైనా అయితే నేనెలా బతకాలి? ఆ మనిషేమో దుప్పటి ముసుగేసుకుని, మాట్లాడితే ఒట్టు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ కూర్చోమనేలోపే వదిన నావైపు వేలు చూపించింది. "ఈ అమ్మాయే తెచ్చింది. కాస్త గట్టిగా చెప్పండి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఎవరూ తేలేదమ్మా. మీ కిడ్నీతో పాటే వచ్చింది. చాలామంది ఒంట్లో ఇది ఎప్పుడో చేరి నిద్రపోతూ ఉంటుంది, వాళ్ళకే తెలీదు. కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా ఈయనకి మాత్రలిస్తున్నాం కదా, వాటివల్ల ఒంటికి కాపలా తగ్గుతుంది. అప్పుడిది లేస్తుంది. ఆపరేషన్‌కి ముందే చెప్పాను. లేవకుండా కొన్ని నెలలు మందు కూడా ఇచ్చాం. ఆపాక లేచింది."

ఆపరేషన్‌కి ముందు "కిడ్నీ సరిపోయింది" అన్న మాట తప్ప నాకూ వదినకీ ఇంకేం చెవికెక్కలేదు.

వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు. "అయితే తీసేసి నాది నాకిచ్చెయ్యండి," అంది.

నవ్వాలో ఏడవాలో డాక్టరమ్మకి కూడా తెలియలేదు. "కిడ్నీ భేషుగ్గా ఉందమ్మా. వైరస్‌కి మందు రాస్తాను. కాపలా తగ్గించే మాత్ర కూడా కాస్త తగ్గిస్తాను. మరీ తగ్గిస్తే ఒళ్ళు కిడ్నీ మీద తిరగబడుతుంది. అందుకని వారం వారం రక్తం చూద్దాం."

వదిన మాతో చెప్పకుండానే వెళ్ళిపోయింది. అప్పుడు నోరు విప్పారు మా ఆయన. "నాకు గుర్తుంది. అప్పట్లోనే చెప్పిందావిడ."

"గుర్తుంటే నిన్న నోరెందుకు పెగల్లేదు?"

"అక్క బాధపడుతుందని."

"నేను బాధపడితే పర్లేదా?"

"నువ్వు తిరిగి అరుస్తావుగా. అక్క పైకి అరుస్తుంది గానీ లోపల కుమిలిపోతుంది."

జ్వరం మనిషి కాబట్టి బతికిపోయారు.

ఆయన అన్నంతా అయింది. వదిన రావటం మానేసింది. ఫోన్ ఎత్తదు. పీడ విరగడైందని నేను హాయిగా ఉండాలి. ఉంటేనా! మందు మొదలయ్యాక జ్వరం ఒకరోజు దిగేది, ఒకరోజు ఎక్కేది. ఆయన పొద్దస్తమానం గుమ్మం వైపే చూసేవారు. చూసి చూసి నాకు తిక్కరేగి, వెళ్ళి వదిన బస్సెక్కాను.

"టికెట్," అంది, నా మొహం చూడకుండా.

"మా ఇంటికి రెండివ్వండి. ఒకటి నాకు, ఒకటి మీకు."

"నేను రాను. నేను వాడికిచ్చింది జబ్బు."

బస్సంతా చెవులు రిక్కించింది. నేను ఉండబట్టలేకపోయాను. "వదినా, మీ తమ్ముణ్ణి నాకు కట్టబెట్టినప్పుడు గురక, మొండితనం, తడి తువ్వాలు మంచం మీద పడేసే రోగం, అన్నీ కలిపే ఇచ్చారు. ముందు ఒక్క ముక్క చెప్పలేదు కూడా. నేను వాపసిచ్చానా?"

వెనక సీట్లో పెద్దాయన పకపకా నవ్వాడు. "మా ఇంట్లోనూ ఇదే కథ తల్లీ," అంది ఒళ్ళో బుట్ట పెట్టుకున్నావిడ. వదిన టికెట్ల సంచీ గుండెకి హత్తుకుని నా పక్కన కూలబడింది.

"వాడికి తగ్గకపోతే?" అంది, నాకొక్కదానికే వినపడేటట్టు.

"తగ్గుతుంది. తగ్గకపోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం. ఒక్కదాన్నే భయపడటం నా వల్ల కావట్లేదు వదినా."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్టాపు వచ్చింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. విజిల్ కోసం డ్రైవరు వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. వదిన చెయ్యి వదల్లేదు. చివరికి బుట్టావిడే "రైట్, రైట్!" అని అరిచింది.