పద్నాలుగో విల్లు

జపాన్‌లోని మియాకొనోజో ఊళ్ళో విల్లు చేసేవాళ్ళకు కరువు లేదు కానీ, కువహతా మిచియే మోకాలికున్న పేరు ఇంకెవరికీ లేదు. వెదురు బద్దల మధ్య కర్ర పేర్చి, జిగురు పూసి, తాడు చుట్టి, వంద వెదురు చీలలు దిగ్గొట్టి వంపు తెచ్చిన విల్లును మోకాలికి ఆనించి ఒక్క నొక్కు నొక్కేది. "పై కొమ్ము మొండికేస్తోంది" అనో, "ఇది పదేళ్ళు పలుకుతుంది" అనో తేల్చేసేది. ఆ మాటకు తిరుగుండేది కాదు.

కెన్‌సాకు అనే అతను ఆమె తండ్రి దగ్గర పని నేర్చినవాడు. పెద్దాయన పోయాక కూడా విల్లు చేసే ఆ పాకను వదల్లేదు. ముప్పై ఏళ్ళుగా మిచియేను అక్కా అనే పిలుస్తున్నాడు. తోబుట్టువులు లేని ఆమెకు ఆ పిలుపే చుట్టరికం.

రెండు చలికాలాల కిందట అతను పాకలోకి కంప్యూటర్ తెచ్చాడు. ప్రతి విల్లుకూ ఒక నంబరు వేసి, జానెడుకొక చోట మందం కొలిచి, తూచి, ఎక్కుపెట్టినప్పుడు ఫోటో తీసి అందులో ఎక్కించేవాడు. తెర మీద విల్లు బొమ్మ వంగేది. ఒత్తిడి మించి విరిగేలా ఉన్న చోట ఎర్రబడేది.

"నీ తర్వాత నీ మోకాలు ఎవరికొస్తుందక్కా? ఇందులో దాచుకోనీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు మిచియే కరిగిపోయింది. అడిగిందల్లా చెప్పింది. చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో, తనకే తెలియని సంగతులు కూడా వెతుక్కుని మరీ చెప్పింది.

మొదటి ఏడు ఒకసారి, తోటి పనివాళ్ళంతా భోజనాల దగ్గరుండగా, ఫలానా విల్లు ఎర్రగా చూపిస్తోందని కెన్‌సాకు అన్నాడు. "ముందు నీ పెట్టెకి మోకాళ్ళు మొలవనీరా, అప్పుడు వింటాను" అంది మిచియే. అందరూ పగలబడి నవ్వారు. కెన్‌సాకూ నవ్వాడు. ఆ తర్వాత ఎర్ర సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఏడు ఏప్రిల్లో, బళ్ళో ఆడపిల్లలకు విలువిద్య నేర్పే హత్సుమి టీచరమ్మ చేతిలో మిచియే చేసిన విల్లు విరిగింది. పై ముక్క ఎగిరొచ్చి ముఖానికి తగిలింది. ఎడమ కంటి పక్కన ఏడు కుట్లు పడ్డాయి. వెంట్రుకవాసిలో చూపు దక్కింది.

విరిగిన ముక్కలు బట్టలో చుట్టి పంపారు. మిచియే వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఏ నొక్కులో ఏమరుపాటు పడ్డానా అని రోజుల తరబడి చూసుకుంది. ఆరు వారాలు కత్తి ముట్టలేదు. కెన్‌సాకు రోజూ చిలగడదుంప పకోడీలు పట్టుకొచ్చి పక్కన కూర్చునేవాడు. "కర్ర లోపల ఏముందో దేవుడికే తెలియాలక్కా. నీ తప్పేం లేదు, తిను" అని ఊరడించేవాడు. ఆమె తినేది.

జూన్‌లో చేతిపనుల భవనంలో కెన్‌సాకు తన లెక్కల గురించి మాట్లాడాడు. ఊళ్ళో విల్లు చేసేవాళ్ళంతా వచ్చారు. మిచియే ముందు వరసలో కూర్చుంది. తెర మీద ఒక విల్లు బొమ్మ పడింది. పద్నాలుగో నంబరు, హత్సుమి టీచరమ్మది. పై నుంచి మూడో జానలో నెత్తురు రంగు.

"నేను వేసిన లెక్క నిజమైంది. విల్లు సరిగ్గా ఇక్కడే విరిగింది" అన్నాడు కెన్‌సాకు.

బొమ్మ కింద తేదీ ఉంది. జనవరి పంతొమ్మిది.

మిచియే లేచి నిలబడింది. "ఒరేయ్ కెన్‌సాకూ, ఆ తేదీ విల్లు విరిగినదా, నువ్వు లెక్క వేసినదా?"

అతను తెర మీద తేదీ వైపు తిరిగి చూశాడు. "వేసినదే అక్కా."

"టీచరమ్మకు ఆ విల్లు ఇచ్చింది ఫిబ్రవరిలో. నువ్వే గుడ్డ చుట్టి చేతికందించావు."

కెన్‌సాకు వేదిక దిగి, ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అప్పటికి అది నిజమో కాదో నాకు మాత్రం ఏం తెలుసు? చెబితే మళ్ళీ నవ్వేదానివి."

"నవ్వితే నవ్వనీ. చెప్పాలి కదా."

"నవ్వకపోతే ఆ విల్లు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టేదానివి. లెక్క నిజమని ఎప్పటికీ తేలేది కాదక్కా."

అతనా మాట ఎంత మామూలుగా అన్నాడంటే, మిచియేకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అతను రోజూ పట్టుకొచ్చిన పకోడీలు గుర్తొచ్చాయి.

"ఇంకెన్ని ఉన్నాయి ఎర్రవి?" అని అడిగింది.

"మూడు."

"పొద్దున్నే నాతో రా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మొదటి రెండిళ్ళలో మిచియే తనే మాట్లాడి, క్షమాపణ చెప్పుకుని, విళ్ళు వెనక్కి తీసుకుంది. మూడోది ఒక బియ్యం కొట్టు ముసలాయనది. ఆయన గుమ్మంలోకి రాగానే కెన్‌సాకు ముందుకెళ్ళి వంగి నమస్కరించాడు. "అక్క తన చేత్తో ఇందులో లోపం పట్టుకుందండీ, అందుకే వచ్చాం" అన్నాడు. ఆమె పరువు కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం.

"లేదండీ," అంది మిచియే. "నా చేతికి ఏమీ తెలియలేదు. ఇది మంచిదనే ఇచ్చాను, ఇప్పటికీ నా మోకాలికి మంచిదనే అనిపిస్తోంది. ఇతనికి తెలుసు. అయిదు నెలలుగా తెలిసీ ఊరుకున్నాడు."

ముసలాయన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, లోపలికెళ్ళి విల్లు తెచ్చిచ్చాడు.

రోడ్డు మీదకొచ్చాక కెన్‌సాకు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇకనుంచి ప్రతి విల్లుకీ ముందే చెబుతాను. లెక్క తప్పలేదు కదక్కా, ఇప్పుడైనా నమ్ముతావా?"

"లెక్కను నమ్ముతాన్రా. అది దాచలేదు, నువ్వు దాచావు. ఆ పెట్టె ఎలా నడపాలో కాగితం మీద రాసి పాకలో పెట్టు. నువ్వు మాత్రం రేపటినుంచి రాకు."

"ముప్పై ఏళ్ళక్కా..."

మిచియే మూడు విళ్ళూ భుజాన వేసుకుని, బడి వదిలే వేళయిందో లేదో చూసుకుని, హత్సుమి టీచరమ్మ ఇంటివైపు తిరిగింది. ఆవిడకు ఈ సంగతి ఎలా మొదలుపెట్టి చెప్పాలో దారి పొడవునా తెలియలేదు.