వెనక వచ్చే వెలుగు

తూనీగకు ఆ పేరు బండి పందేల రోజుల్లో వచ్చింది. నాలుగేళ్ల కింద మణికట్టు విరిగి అతుక్కున్నాక పందేలు పోయాయి. పేరూ, నాలుగు లావాటి చక్రాల పసుపురంగు ఏటీవీ బండీ మాత్రం మిగిలాయి. అది బండి కాదు, తన ప్రాణం అనేది ఆవిడ. షెడ్డులో సగం మింగేసిన ఇనుము అనేవాడు మొగుడు.

చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. అక్క మొగుడు అడవి బాటల్లో జనాన్ని ఏటీవీల మీద తిప్పి తీసుకొస్తాడు. ఆయనకు తోడుగా వెళ్లడానికి ఈ పందెపు బండి పనికొస్తే ఉంచుకోవాలి, లేకపోతే అమ్మేయాలి. తేల్చవలసింది బావే.

పొద్దున్నే బావ బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"నేలకి ఆనుకునుంది, రాళ్లు తగుల్తాయి. స్ప్రింగులు గట్టివి, నీ నడుం నీది కాకుండా పోతుంది. పైగా రివర్స్ గేరే లేదు."

"పందెంలో వెనక్కెవరెళ్తారు బావా?"

"బాటలో వెళ్తారమ్మాయ్. సరే, నువ్వు ముందు నడు. బాట చీలిన ప్రతిచోటా ఆగు. నేను కనబడి చెయ్యెత్తాకే కదులు. ఇక్కడ అందరం పాటించేది అదొక్కటే."

అడవి నిండా పొగమంచు. చెట్ల మొదళ్లు కనిపించడం లేదు. కొమ్మలు దేనిమీదా ఆనకుండా గాలిలో నిలబడ్డట్టున్నాయి. తూనీగ క్లచ్ మీద ఒక్క వేలుంచి, రాయి రాయినీ బుజ్జగిస్తూ పోయింది. మొదట్లో నడుం నానా తిట్లూ తిట్టింది. లేచి నిలబడి మోకాళ్లు వదులు చేశాక కుదుపులు నడుం దాకా రావడం మానేశాయి. తడి ఆకుల వాసన. ఎక్కడో నీటి చప్పుడు. పందేల్లో ఏనాడూ చెట్టును చూసిన పాపాన పోలేదు; ఇప్పుడు ఒక్కొక్కటే తెల్లదనంలోంచి వచ్చి పలకరించి వెళుతోంది. తాను బండి నడుపుతోందో, నిద్రలో ఉందో ఆవిడకే తెలియలేదు. హాయిగా ఉంది, అంతే.

తెలివొచ్చేసరికి వెనక బావ బండి చప్పుడు లేదు. చీలిక ఎప్పుడు దాటిందో గుర్తే లేదు.

వెనక్కి చూడకూడదని పందేలు నేర్పిన మెడ ఇవాళ ఒక్కసారైనా తిరగలేదు. బాట ఇరుకు. దిగి, వెనక కడ్డీ పట్టుకుని, కాస్త ఎత్తి కాస్త జరిపి, పళ్లు బిగబట్టి బండిని తిప్పుకుంది. తేలిక బండి కాబట్టి తిరిగింది. బావ బండైతే అక్కడే కాపురం పెట్టాల్సొచ్చేది.

చీలిక దగ్గర బావ ఇంజను ఆపి కూర్చుని ఉన్నాడు.

"నేను కాబట్టి కదలకుండా కూర్చున్నా. కొత్తవాళ్లైతే రెండో బాటన పడిపోయి వాగులో తేలేవాళ్లు."

తూనీగ తలెత్తలేకపోయింది. "అమ్మేస్తాలే బావా."

"బండేం చేసింది? అది శుభ్రంగా నడిచింది. పందెంలోంచి దిగనిది నువ్వే."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తర్వాతి చీలిక దగ్గర ఆవిడ ఇంజను ఆపి, మెడ తిప్పి చూస్తూ కూర్చుంది. అంతా తెలుపే. ఒకప్పుడు వెనక బండి వెలుగు కనబడితే ఒళ్లు మండేది. ఇప్పుడు కనబడక ఊపిరాడడం లేదు. చాలాసేపటికి మంచులో ఒక మసక చుక్క మెరిసి, పెద్దదై, బావ అయింది. ఆయన చెయ్యెత్తాడు. తూనీగకు ప్రాణం లేచొచ్చి, ఏడుపు కూడా వచ్చింది.

"రేపు పొద్దున్నే జనం వస్తారు," అన్నాడు బావ దగ్గరికొచ్చి. "దీంతోనే రా."

ఆవిడ తలూపింది కానీ, చూపు ఇంకా వెనక బాట మీదే ఉంది.